పొరుగు రాష్ట్రమునకు కాపురము మార్చుట

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు అన్నారు. ఈ రెండు కార్యములలోను ముందుగా వేసిన లెక్కలో ఖర్చు నిలువదని ఆ మాటకు భావము. ఈ కాలమున దీనికి మూడవ కార్యమును కూడ చేర్చవచ్చును. అది రాష్ట్రము దాటి కాపురము మార్చుట. ఇల్లు కట్టుటను గూర్చి, పెండ్లి చేయుటను గూర్చి చెప్పుటకు ఊరిలో పదిమంది అనుభవజ్ఞులుందురు. కాపురము మార్చువారికి సలహా చెప్పువారు మాత్రము అరుదు. వెళ్ళి నిలదొక్కుకొన్నవారు అక్కడనే ఉండిపోదురు. తిరిగివచ్చినవారు ఎందుకు రావలసివచ్చినదో చెప్పుకొనరు. అందుచేత ఈ విషయమును కొంత వివరముగా శ్రోతల ముందుంచుట ఉపయోగకరమని తలచితిమి.

ఉదాహరణకు కడప జిల్లాలోని కొండాపురమునే తీసికొందము. నల్లరేగడి నేలలు, శనగ పంట, పెన్నా చిత్రావతుల పరిసరము. ఊరి మీదుగా పోవు రైలుమార్గము మదరాసును బొంబాయితో కలుపు మార్గము; ఆ రెండు వైపుల పట్టాలు 1871 లో రాయచూరు వద్ద కలిసికొన్నవి. కాబట్టి పరదేశమునకు బాట ఈ ప్రాంతమువారికి కొత్తది కాదు. ఇల్లు విడిచిపెట్టుట యననేమో కూడ వీరికి తెలియును. దిగువన గండికోట వద్ద పెన్నపై కట్టిన జలాశయమునకు 26.85 టి.ఎం.సి.ల నీరు పట్టును. దానిలో నీటిమట్టమును పెంచిన కొలది ఈ మండలములోని గ్రామములు ఒకటొకటిగా ఖాళీ కావలసివచ్చినది. 2020 లో తాళ్ళప్రొద్దుటూరు ఇండ్లలోనికి నీరు చేరుట చాలమందికి జ్ఞాపకమే యుండును.

ఆ తరలింపులో బాధ యెంత యున్నను, ఊరంతయు కలిసి కదలినది. పక్కయింటివారు పక్కనే యుందురు. తహశీల్దారు మారడు, భాష మారదు, రేషను కార్డు మారదు. బెంగుళూరికి బయలుదేరు కుటుంబము సంగతి అట్టిది కాదు. అది ఒంటరిగా కదలును. అక్కడ ఎదురువచ్చి సామాను దింపువాడు కూడ కూలికి వచ్చినవాడే.

దూరమును చూచి ఈ పనిని అంచనా వేయుట పొరపాటు. కొండాపురము నుండి తాడిపత్రి, అనంతపురముల మీదుగా పోయినను, పులివెందుల, కదిరి మీదుగా పోయినను బెంగుళూరు సుమారు మూడువందల కిలోమీటర్లు. చీకటిపడిన తరువాత బయలుదేరిన లారీ తెల్లవారునప్పటికి చేరును. విశాఖపట్టణము అంతకు రెట్టింపు దూరమునకు మించియున్నది. అయినను విశాఖకు పోవుట కంటె బెంగుళూరికి పోవుటయే పెద్ద ప్రయాణము. ఏలయన మధ్యలో రాష్ట్రపు హద్దు ఉన్నది. 1953 అక్టోబరు 1 వ తేదీకి ముందు కడప జిల్లావానికి మదరాసు నగరము స్వరాష్ట్ర రాజధాని. ఆ తేదీ నుండి అది పొరుగు రాష్ట్రపు నగరమైనది. పట్టణము కదలలేదు, దారి పెరుగలేదు. కాని బడి, పరీక్ష, ఉద్యోగము, రేషను, ఓటు మొదలైన వాటి లెక్కలన్నియు మారినవి.

కాబట్టి మేము చెప్పదలచిన ముఖ్యవిషయమిది. కాపురము మార్చుటలో లారీ బాడుగ అతి చిన్న ఖర్చు. పెద్ద ఖర్చులు రెండు. ఇక్కడి ఆదాయము ఆగి అక్కడి ఆదాయము కుదురుపడువరకు గడచు మధ్యకాలము ఒకటి. లారీలో ఎక్కించుటకు వీలులేని హక్కులు రెండవది. చాలమంది మొదటిదానిని తక్కువగా లెక్కింతురు. రెండవదానిని అసలే లెక్కింపరు.

మొదట డబ్బు సంగతి చూతము. ఉన్న ధనమును మూడు మూటలుగా విడదీయుట మంచిది. మొదటిది కదలుటకు కావలసిన మూట. రెండవది అక్కడ నిలుచుటకు కావలసిన మూట. మూడవది అక్కడ నిలువలేకపోయినచో తిరిగి వచ్చుటకు కావలసిన మూట. మూడవ మూటను ప్రత్యేకముగా బ్యాంకులో ఉంచి, అక్కడ కుదురుకొన్నామని నమ్మకము కలుగువరకు తాకకూడదు. తిరుగు చార్జీ లేనివాడు చెడ్డ ఉద్యోగమును, చెడ్డ యజమానిని, చెడ్డ ఇంటిని భరించవలసివచ్చును. ఆ మూట చేతిలో ఉన్నవాడు, అక్కరలేదు పొమ్మని చెప్పగలడు. అది అపశకునము కాదు, ధైర్యము.

మొదటి మూటలో లారీ బాడుగ, హమాలీ కూలి, అట్టపెట్టెలు, గోనెసంచులు, తాళ్ళు, కుటుంబము యొక్క ప్రయాణపు ఖర్చు చేరును. ఇక్కడ ఒక సూత్రము పాటించవలెను. ఏ వస్తువునైనను కట్టి, ఎక్కించి, దింపి, మేడమెట్లు ఎక్కించుటకు అగు ఖర్చెంత, అక్కడ సెకండుహ్యాండులో కొనుటకు అగు ఖర్చెంత అని పోల్చిచూడవలెను. ఇనుప బీరువా, రాతి రోలు, పాత చెక్కమంచము ఈ పరీక్షలో సాధారణముగ తేలిపోవును. బెంగుళూరులో మూడవ అంతస్తునకు బీరువా ఎక్కించుటకు హమాలీలు వేరుగా కూలి అడుగుదురు. ఎక్కించిన పిమ్మట అది పట్టు గది ఉన్నదో లేదో ముందుగా కొలిచినవారు తక్కువ. అవ్వగారి కాలపు ఇత్తడి కాగును గూర్చి మాత్రము మేము లెక్క చెప్పము. దానికి ధర కట్టుట మా పని కాదు.

సామాను తక్కువగా ఉన్నచో పూర్తి లారీ అవసరము లేదు. బెంగుళూరికి సరకు దింపుటకు పోవు లారీలలోను, అటునుండి తెచ్చిన సరకును దింపి ఖాళీగా తిరిగిపోవు లారీలలోను కొంత జాగా తక్కువ బాడుగకు దొరకును. రైలులో పోవువారికి ఉచితముగా అనుమతించు సామాను స్లీపరు తరగతిలో మనిషికి 40 కిలోలు, సాధారణ తరగతిలో 35 కిలోలు. నలుగురి కుటుంబమునకు స్లీపరులో 160 కిలోలు. బట్టలు, పుస్తకములు, వంటపాత్రలు చాలవరకు ఇందులోనే పోవును. వాడిన ఇంటి సామానుకు జి.ఎస్.టి. ఈ-వే బిల్లు అక్కరలేదు. అయినను సామాను పట్టికను రెండు ప్రతులు వ్రాసి, ఒకటి డ్రైవరు చేతికిచ్చి ఒకటి దగ్గర ఉంచుకొనుట మంచిది. దారిలో ఆపి అడిగినవారికి చూపుటకును, దింపునప్పుడు సరిచూచుకొనుటకును అది పనికివచ్చును. రిజిస్టరు చేసికొన్న రవాణా కంపెనీ ద్వారా పంపువారు వస్తువుల విలువను రసీదు పత్రములో తప్పక వ్రాయించవలెను. 2007 నాటి రోడ్డు రవాణా చట్టము ప్రకారము నష్టపరిహారమునకు పరిమితి ఉన్నది. హెచ్చు విలువను ముందుగా తెలిపి, దానికి తగిన రుసుము చెల్లించినవారికే ఆ పరిమితికి మించి అడుగు హక్కు ఉండును. నష్టము జరిగినచో బుక్ చేసిన నాటినుండి 180 రోజులలోపల వ్రాతమూలకముగా తెలుపవలెను. బంగారము, పట్టాదారు పాసుపుస్తకము, సర్టిఫికెట్లు ఎట్టి పరిస్థితులలోను లారీలో వేయరాదు. అవి మనిషితోనే పోవలెను.

ఇక రెండవ మూట. దీనిలో అన్నిటికంటె పెద్దది ఇంటి అడ్వాన్సు. మనము బాడుగ అనుదానిని వారు బాడిగె అందురు. మాట ఒకటే, పద్ధతి వేరు. మన పల్లెలలో నెలకో రెండు నెలలకో సరిపడు బాడుగ ముందుగా ఇచ్చిన చాలును. బెంగుళూరులో పది నెలల బాడుగను అడ్వాన్సుగా తీసికొను ఆచారము చాలకాలము ప్రసిద్ధముగా ఉండెను. నేడు ఆరు నెలలకో, అంతకు తక్కువకో ఒప్పుకొను యజమానులు కూడ ఉన్నారు. 2021 లో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన నమూనా అద్దె చట్టములో నివాసగృహములకు రెండు నెలల అడ్వాన్సు చాలునని సూచించినది గాని, అది నమూనా మాత్రమే. రాష్ట్రము తన చట్టముగా చేసికొన్నచోటనే అది అమలగును. కాబట్టి బేరము ఆడవలసినదే.

అడ్వాన్సును ఖర్చు అనకూడదు, తిరిగి వచ్చునది కదా అని కొందరందురు. నిజమే. కాని అప్పు తెచ్చి కట్టినచో దాని వడ్డీ ఖర్చే. అరువది వేల రూపాయలను నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి అడ్వాన్సు కట్టినవారు నెలకు 1,200 రూపాయలు, ఏడాదికి 14,400 రూపాయలు వడ్డీ ఇయ్యవలెను. అనగా పది వేల బాడుగ ఇల్లని వారు అనుకొన్నది నిజముగా పదకొండువేల రెండువందల ఇల్లు. అడ్వాన్సు తక్కువగా ఉండి బాడుగ ఐదువందలు ఎక్కువైన ఇల్లు వారికి చవుక కావచ్చును. ఈ చిన్న గుణకారము చేయకనే చాలమంది ఇల్లు ఎన్నుకొందురు. ఖాళీచేయునప్పుడు రంగులు వేయుటకని యజమాని ఒక నెల బాడుగ పట్టుకొను ఆచారము కూడ ఉన్నది. ఆ షరతు ఒప్పందములో ఏమని ఉన్నదో ముందే చదివించుకొనవలెను.

భోగ్యము అను మరియొక పద్ధతి అక్కడ కలదు. దానిని లీజు అనియు అందురు. కొన్ని లక్షలు ఒక్కసారిగా యజమానికి ఇచ్చి, రెండు మూడేండ్లు బాడుగ లేకుండ నివసించి, పోవునప్పుడు మొత్తము తిరిగి తీసికొనవలెను. భూమికి గాని, ఇంటికి గాని పరిహారము అందుకొన్నవారిని ఈ పద్ధతి సులభముగ ఆకర్షించును. ఇందులో ప్రమాదమేమనగా, యజమాని ఆ ఇంటిని అంతకుముందే బ్యాంకులో తాకట్టు పెట్టియుండినచో మన సొమ్మునకు దిక్కుండదు. ఇంటిపై అప్పులున్నవో లేవో తెలుపు ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టును సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునుండి తీయించి చూడక, ఒప్పందమును రిజిస్టరు చేయించక, చేతికాగితము మీద లక్షలు ఇయ్యరాదు. సాధారణపు బాడుగ ఒప్పందములను పదకొండు నెలలకు వ్రాయుట, ఏడాదికి మించిన కౌళ్ళను రిజిస్టరు చేయవలెనని 1908 నాటి చట్టము చెప్పుటచేతనే. భోగ్యమునకు ఆ పదకొండు నెలల కాగితము చాలదు.

ఇప్పుడు నలుగురి కుటుంబమునకు ఒక లెక్క వేసి చూతము. ఈ అంకెలు ఊహకొరకు మాత్రమే. ఎవరి అంకెలు వారు వేసికొనవలెను. నెల బాడుగ 10,000 అనుకొందము. ఆరు నెలల అడ్వాన్సు 60,000. బ్రోకరుకు ఒక నెల బాడుగ 10,000. మొదటి నెల బాడుగ 10,000. లారీ, హమాలీ, ప్రయాణము 20,000. బడి రుసుములు, పుస్తకములు 20,000. గ్యాసు, బకెట్లు, ఫ్యాను, చిన్న చిల్లర 10,000. నెలకు 25,000 చొప్పున మూడు నెలల ఇంటిఖర్చు 75,000. మొత్తము 2,05,000. అనుకోని ఖర్చులకు నూటికి పది చొప్పున 20,500 కలుపగా 2,25,500. తిరుగు మూట 25,000 చేర్చినచో 2,50,500 రూపాయలు. ఇందులో లారీకిని ప్రయాణమునకును పోయినది ఇరువది వేలే. మొత్తములో పదింట ఒక వంతు కూడ కాదు. కాని బయలుదేరబోవు కుటుంబమును ఎంత కావలెనని అడిగిచూడుడు; మొదట చెప్పునది లారీ బాడుగయే.

మూడు నెలల ఇంటిఖర్చు ఎందుకని అడుగవచ్చును. ఉద్యోగములో చేరినవానికి మొదటి జీతము నెల గడచిన తరువాత వచ్చును. నెల మధ్యలో చేరినచో మొదటి జీతము సగమే. కూలిపనికి పోవువానికి మేస్త్రీ కుదురువరకు పని దినములు సరిగా ఉండవు. కొత్త ఊరిలో అప్పుగా బియ్యమిచ్చు అంగడి లేదు. ఇక్కడ శనగలు అమ్మిన తరువాత ఇత్తుమనిన చాలును, అక్కడ ఆ మాట చెల్లదు. పల్లెలో పరపతి అనునది కంటికి కనుపించని ఆస్తి. కాపురము మారినప్పుడు మొదట పోవునది అదియే. మూడు నెలల సొమ్ము ఆ పోయిన పరపతికి బదులు.

ఇక లారీలో ఎక్కని హక్కులను గూర్చి చెప్పుదము.

రేషను కార్డు సంగతి ఇదివరకటి కంటె సులువైనది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము క్రిందనున్న కార్డులకు, ఏ రాష్ట్రములోనైనను ఆధారు వేలిముద్రతో బియ్యము తీసికొను ఏర్పాటు 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నడుమను, గుజరాతు, మహారాష్ట్రల నడుమను ప్రారంభమై, 2022 జూను నాటికి దేశమంతట వ్యాపించినది. కుటుంబములో కొందరు ఇక్కడ, కొందరు అక్కడ ఉన్నను, ఎవరి భాగము వారున్నచోట తీసికొనవచ్చును. కార్డును రద్దు చేయించి పోవలసిన అవసరము లేదు. కాని రాష్ట్ర ప్రభుత్వము తన సొంత ఖర్చుతో ఇచ్చు కార్డులకును, అదనపు సరకులకును ఈ ఏర్పాటు వర్తింపదు. మన కార్డు ఏ తరగతిదో ముందుగా డీలరునడిగి తెలిసికొనవలెను.

గ్యాసు సిలిండరును లారీలో కట్టుకొనిపోవుట ప్రమాదము, అనవసరము కూడ. సిలిండరును, రెగ్యులేటరును ఇక్కడి ఏజెన్సీకి అప్పగించి, డిపాజిట్టు తిరిగి తీసికొని, వారిచ్చు బదిలీ పత్రముతో అక్కడ కనెక్షను పొందవచ్చును. మోటారు సైకిలు సంగతి అంత తేలిక కాదు. పన్నెండు నెలలకు మించి మరియొక రాష్ట్రములో ఉంచు బండికి అక్కడి నంబరు తీసికొనవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. దానికి ఇక్కడి రవాణా కార్యాలయమునుండి నిరభ్యంతర పత్రము కావలెను. అప్పు మీద కొన్న బండియైనచో అప్పు ఇచ్చినవారి అంగీకారము కూడ కావలెను. అక్కడ రోడ్డు పన్ను ముందుగా కట్టవలెను. ఇక్కడ కట్టిన జీవితకాలపు పన్నులో మిగిలిన కాలమునకు చెందిన భాగమును తరువాత దరఖాస్తు పెట్టి తిరిగి పొందవలెను. ఆ రెంటికి నడుమ కొంతకాలము రెండు పన్నుల సొమ్ము చిక్కుకొనియుండును. పాత బండియైనచో ఇక్కడనే అమ్మివేయుట మేలు కావచ్చును.

అన్నిటికంటె ముఖ్యము పిల్లల చదువు. బడి మారుట కష్టము కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ఆరు మొదలు పదునాలుగేండ్ల పిల్లలకు ప్రభుత్వ పాఠశాలలలోనికి మారు హక్కు ఉన్నది; హెడ్మాస్టరు టి.సి. వెంటనే ఇయ్యవలెను, అది ఆలస్యమైనదని కొత్త బడివారు చేర్చుకొనకుండ ఉండరాదు. కన్నడము మాత్రము నేర్వవలసియుండును. కర్ణాటకలోని పాఠశాలలలో కన్నడ బోధనను గూర్చి 2015 లో చట్టము చేయబడినది. మన అక్షరములకును వారి అక్షరములకును పోలిక ఎక్కువ గనుక చిన్నపిల్లలు త్వరగా పట్టుకొందురు.

అసలు చిక్కు పెద్ద చదువుల వద్ద వచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము విద్యాసంస్థల సీట్లలో నూటికి ఎనుబదియైదు స్థానిక విద్యార్థులకు చెందును. కడప జిల్లా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతములోనిది. అర్హత పరీక్ష వ్రాయు సంవత్సరముతో ముగియునట్లు వరుసగా నాలుగేండ్లు ఆ ప్రాంతములో చదివియుండుట స్థానికతకు ప్రధానమైన నియమము. అనగా ఇంజనీరింగునకో వైద్యమునకో పోదలచినవానికి తొమ్మిది, పది తరగతులు, ఇంటర్మీడియటు రెండేండ్లు లెక్కలోనికి వచ్చును. కర్ణాటకలో ఆ రాష్ట్రపు సీట్లకు ప్రధాన నియమము వేరు: మొదటి తరగతి నుండి రెండవ పి.యు.సి. వరకు గల కాలములో కనీసము ఏడేండ్లు అక్కడ చదివియుండవలెను.

ఈ రెండు నియమములను పక్కపక్కన పెట్టి చూడుడు. ఆరవ తరగతిలో చేరునట్లు తీసికొనిపోయిన పిల్లవానికి అక్కడ సరిగా ఏడేండ్లు పూర్తియగును. తొమ్మిదవ తరగతిలో తీసికొనిపోయిన పిల్లవానికి అక్కడ నాలుగేండ్లే. ఇక్కడ ఆ నాలుగేండ్లును పోయినవి. వాడు రెంటికి చెడ్డ రేవడియగు ప్రమాదమున్నది. తల్లిదండ్రులు పదేండ్లు రాష్ట్రములో నివసించియుండుట వంటి వేరు అర్హతలతో మిగిలిన పదునైదు వంతుల సీట్లకు పోటీపడవచ్చును; కర్ణాటకలోను కొన్ని వేరు తరగతులున్నవి. ఆ యేటి ప్రవేశ ప్రకటన చదివి నిర్ధారించుకొనవలెను. అయినను మొత్తము మీద చెప్పదగినదేమనగా, ఆరవ తరగతికి ముందో, ఇంటర్మీడియటు ముగిసిన తరువాతనో కుటుంబమును కదలించుట క్షేమము. నడుమ తప్పనిసరియైనచో, పిల్లవానిని తాతగారి యింటనో, ఇక్కడి హాస్టలులోనో ఉంచి చదివించు ఖర్చును బడ్జెటులో వ్రాసికొనవలెను.

కులధ్రువపత్రముల విషయము కూడ ఇట్టిదే. షెడ్యూల్డు కులముల, తెగల జాబితాలు రాష్ట్రమునకొకటిగా ఉన్నవి. తెనాలిలో పుట్టి, తొమ్మిదవ యేట తండ్రి ఉద్యోగముతో బొంబాయి చేరి అక్కడనే చదివిన ఒక విద్యార్థికి, మహారాష్ట్రలో వైద్యవిద్యకు షెడ్యూల్డు తెగల రిజర్వేషను వర్తింపదని 1990 లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అతని తండ్రి ధ్రువపత్రము నిజమైనదే. కాని అది ఆంధ్రప్రదేశ్‌లో చెల్లునది. 2018 లో రాజ్యాంగ ధర్మాసనము కూడ ఈ సూత్రమునే నిలబెట్టినది. ఇష్టపడి కదలిన కుటుంబము ఈ హక్కును హద్దు వద్ద దించి పోవుచున్నదని తెలిసియుండవలెను. తెలిసి పోవుట వేరు, పదేండ్ల తరువాత కాలేజీ కిటికీ వద్ద తెలియుట వేరు.

ఓటును మార్చుకొనుటకు ఇప్పుడు ఎనిమిదవ నంబరు ఫారము చాలును. బ్యాంకు ఖాతాను మూయవలసిన పని లేదు. గండికోట జలాశయమునకు సంబంధించి పరిహారమో, ఇంటి పట్టాయో ఇంకను అందవలసియున్నవారు ఆ కాగితముల ప్రతులను భద్రపరచి, పిలిచినప్పుడు హాజరగుటకు నమ్మకమైన బంధువునొకనిని ఏర్పాటు చేసికొని కదలవలెను. భూమి ఉన్నవారు కౌలుకిచ్చిన పోవునేమోయని బీడు పెట్టుట మనము చూచుచున్నాము. 2019 నాటి పంటసాగుదారుల హక్కుల చట్టము క్రింద పదకొండు నెలలకు ఒప్పందము వ్రాసికొన్నచో యజమాని హక్కునకు భంగము లేదు. ఆ కౌలుసొమ్ము అక్కడి బాడుగలో కొంతకు సాయపడును.

ఎప్పుడు కదలవలెనను ప్రశ్నకు కొండాపురమువారికి జవాబు పంచాంగములోను పొలములోను ఉన్నది. శనగ పంట చేతికివచ్చి అమ్ముడుపోవునప్పటికి వేసవి ప్రవేశించును. పిల్లల పరీక్షలు ముగియును. కర్ణాటకలో బడులు మనకంటె కొంచెము ముందుగా, మే చివరనో జూను మొదటనో తెరతురు. కాబట్టి ఏప్రిల్, మే నెలలు అనుకూలము. వారును మన ఉగాదినే పాటింతురు, మన ఆషాఢమే వారికిని ఆషాఢము. ఆ నెల రాకముందే ఇల్లు కుదుర్చుకొన్నచో పెద్దలకును తృప్తి.

కదలుటలో కూడ మెట్లు పాటించుట తెలివి. మొదట సంపాదించు మనిషి ఒక్కడే పోయి, గదిలో నలుగురితో కలిసియుండి, రెండు మూడు నెలలు అక్కడి ధరలను, పనిని, పేటను తెలిసికొనవలెను. ఆ కాలములో రెండు పొయ్యిల ఖర్చు అగుట నిజమే. కాని తెలియని పేటలో ఆరు నెలల అడ్వాన్సు కట్టి, పని ఊరికి ఆ కొసనున్నదని తరువాత తెలిసికొనుటకంటె అది చవుక. తరువాత భార్య ఒకసారి పోయి ఇల్లు చూడవలెను. నీరు ఎన్నాళ్ళకొకసారి వచ్చునో, టాంకరు కొనవలెనా, బడి ఎంత దూరమో ఆమె అడుగు ప్రశ్నలు పురుషునకు తోచవు. ఇంటిలో ఖర్చు పెట్టు మనిషి చూడని ఇంటికి అడ్వాన్సు ఇయ్యరాదని మా అభిప్రాయము.

పెద్దవారి సంగతి చివర చెప్పుచున్నాము గాని అది చివరిది కాదు. రాష్ట్ర ప్రభుత్వపు వృద్ధాప్య పింఛను ఇక్కడ ఉండువారి కొరకు, ఇంటివద్దకే తెచ్చి ఇచ్చునది. తాతను వెంట తీసికొనిపోయినచో ఆ పింఛను నిలుచుననియు, వదలిపోయినచో ఆయనకు వంటకును మందులకును ఏర్పాటు కావలెననియు లెక్కలో వ్రాయవలెను. ఏది చేసినను ఖర్చు ఉన్నది. ఆ ఖర్చును ఇల్లాలి శ్రమలోనో, వృద్ధుని సర్దుబాటులోనో దాచిపెట్టి, లెక్క సరిపోయినదనుట న్యాయము కాదు.

ఈ విషయములన్నియు చెప్పుట ఎవరిని ఆపుటకో భయపెట్టుటకో కాదు. పొరుగు రాష్ట్రములో బ్రతుకు బాగుపడిన తెలుగువారు లెక్కకు మించి యున్నారు. తుంగభద్ర కాలువల క్రింద రాయచూరు, బళ్ళారి ప్రాంతములకు కోస్తా జిల్లాల రైతులు పోయి భూములు సాగుచేసి, నేటికిని క్యాంపులని పిలువబడు ఊళ్ళను నిర్మించుకొన్నారు. పోదలచినవారు ఒక నోటుపుస్తకము తీసికొని, ఒక పుటలో మూడు మూటల సొమ్మును, ఎదుటి పుటలో వెంట రాని హక్కులను వ్రాసి, ఇంటిల్లిపాదిని కూర్చుండబెట్టి ఒకసారి చదివి వినిపింపవలెను. రెండు పుటలను విన్న తరువాత కూడ పోవుటయే మేలని అందరికిని తోచినచో, అప్పుడు లారీ మాటలాడవచ్చును.